అంతరిక్ష వాతావరణం ప్రశాంతంగా ఉన్న రోజునే సాయంత్రం జీపీఎస్ ఎందుకు తడబడుతుంది?

ప్రశ్న: కొలతలవాడు

నమస్కారం. నేను సర్వే వృత్తిలో ఉన్నాను. ఒకచోట బేస్ రిసీవరును నిలిపి, రోవరు అనే కదిలే రిసీవరుతో తిరుగుతూ సెంటీమీటరు స్థాయిలో బిందువులను గుర్తించే ఆర్‌టీకే పద్ధతిలో మా పని సాగుతుంది. మేము పనిచేసే ప్రాంతం అయస్కాంత భూమధ్యరేఖకు పది, పదిహేను డిగ్రీల దూరంలో ఉంటుంది. ఎండ తగ్గాక పని హాయిగా సాగుతుందన్న ఆశతో ఈ మధ్య చీకటి పడిన తరువాతి రెండు మూడు గంటలను కూడా వాడుకుంటున్నాం. చిక్కు అక్కడే వచ్చిపడింది.

సూర్యాస్తమయమైన గంటకో, గంటన్నరకో రోవరు తెర మీద ఫిక్స్ (సెంటీమీటరు స్థాయి స్థానం) పోయి ఫ్లోట్ (ఉజ్జాయింపు స్థానం) వస్తుంది. సిగ్నల్ బలాన్ని చూపే పట్టీలను గమనిస్తే ఉపగ్రహాలన్నీ ఒకేసారి దెబ్బతినడం లేదు. మొదట పడమటి దిక్కున ఉన్న రెండు మూడు ఉపగ్రహాల బలం 45 డెసిబెల్-హెర్ట్జ్ నుంచి 25 దాకా పడిపోయి, క్షణాల్లో లేచి, మళ్లీ పడుతుంది. కొంతసేపటికి నడినెత్తిన ఉన్నవాటికి, ఆ తరువాత తూర్పున ఉన్నవాటికి అదే గతి పడుతుంది. ఈలోగా పడమటివి తేరుకుంటాయి. అర్ధరాత్రి సమీపించేసరికి అంతా సర్దుకుంటుంది.

సౌర తుఫానుల ప్రభావమేమోనని, భూ అయస్కాంత అలజడిని చూపే కేపీ సూచికను చూడడం మొదలుపెట్టాను. తడబాటు బాగా ఎక్కువగా ఉన్న సాయంత్రాల్లో కేపీ 1, 2 మధ్యనే ఉంది. భూ అయస్కాంత తుఫాను వస్తోందని హెచ్చరిక వెలువడి, కేపీ 7 దాటిన రోజున సాయంత్రం పని మానుకుందామనుకుంటూనే వెళితే, ఆ రాత్రంతా ఫిక్స్ చెక్కుచెదరలేదు. హెచ్చరిక ఉన్నప్పుడు ఏమీ జరగకపోవడం, లేనప్పుడు జరగడం చూస్తే నేను చూడవలసిన సూచిక ఇది కాదేమో అనిపిస్తోంది. అసలు కారణం ఏమిటో, దీన్ని ముందుగా తెలుసుకునే వీలుందో లేదో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఎఫ్2పొర

కొలతలవాడు గారూ, తడబాటు పడమటి నుంచి తూర్పుకు జరుగుతోందని గమనించి రాశారు కనుక నా పని సగం తేలికైంది. మీ రిసీవరులో లోపమేమీ లేదు. మీరు చూస్తున్నవి భూమధ్యరేఖా ప్రాంతపు ప్లాస్మా బుడగలు (విడివడిన ఎలక్ట్రాన్లు, అయాన్లతో కూడిన వాయువే ప్లాస్మా). వాటికీ సౌర తుఫానులకూ ఉన్న సంబంధం సామాన్యంగా అందరూ అనుకునేంత సూటిది కాదు.

ముందుగా కేపీ సంగతి చూద్దాం. 44 నుంచి 60 డిగ్రీల భూ అయస్కాంత అక్షాంశాల మధ్య ఉన్న 13 పరిశీలనశాలల్లో అయస్కాంత క్షేత్రం ప్రశాంత స్థితి నుంచి ఎంత చలించిందో మూడేసి గంటలకొకసారి లెక్కగట్టి, 0 నుంచి 9 వరకు ఉన్న మెట్ల మీద చూపే సూచిక అది. సౌరగాలి భూమి అయస్కాంతావరణాన్ని ఎంత కుదిపిందో చెప్పడానికి అది పనికివస్తుంది. మీ తలమీద, 300 కిలోమీటర్ల ఎత్తున, ఎలక్ట్రాన్లు ఎలా పరుచుకుని ఉన్నాయో అది చెప్పదు. చెబుతుందని దాన్ని రూపొందించినవారు అనలేదు కూడా. అంతరిక్ష వాతావరణ వార్తలన్నీ ఆ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుండడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఇక ఐనో ఆవరణం విషయానికి వస్తాను. సూర్యుని తీవ్ర అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌రే కిరణాలు పైవాతావరణంలోని అణువులనూ పరమాణువులనూ తాకి వాటినుంచి ఎలక్ట్రాన్లను విడగొట్టడం వల్ల ఈ పొర ఏర్పడుతుంది. 60 నుంచి 90 కిలోమీటర్ల వరకు డి పొర, దానిపైన సుమారు 150 కిలోమీటర్ల వరకు ఇ పొర, ఆపైన ఎఫ్ పొర ఉంటాయి. మన కథకు కీలకం ఇ, ఎఫ్ పొరల మధ్య ఉన్న తేడా. ఇ పొరలో ఉన్నవి ప్రధానంగా అణువుల అయాన్లు. అవి ఎలక్ట్రాన్లతో అతి వేగంగా తిరిగి కలిసిపోతాయి కాబట్టి సూర్యుడు అస్తమించగానే ఆ పొర చాలావరకు కరిగిపోతుంది. ఎఫ్ పొరలో ఉన్నవి ఆక్సిజన్ పరమాణువుల అయాన్లు. అవి ఎలక్ట్రాన్లతో కలవాలంటే ముందు నైట్రోజన్ అణువులతోనో ఆక్సిజన్ అణువులతోనో చర్య జరగాలి, ఆ ఎత్తున ఆ అణువులు పలుచగా ఉంటాయి. అందుకే ఎఫ్ పొర రాత్రంతా నిలిచి ఉంటుంది.

పగటిపూట ఇ పొరలో వీచే గాలులు విద్యుత్తును పుట్టిస్తాయి. అయస్కాంత భూమధ్యరేఖ మీద ఆ విద్యుత్ క్షేత్రం తూర్పు దిశగా ఉంటుంది. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉత్తరానికి ఉంటుంది. ఆ రెండూ కలిసి ప్లాస్మాను పైకి నెడతాయి. పైకి వెళ్లిన ప్లాస్మా అయస్కాంత బలరేఖల వెంట ఇరువైపులా జారి, భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన సుమారు 15 డిగ్రీల వద్ద పోగుపడుతుంది. దీనినే ఫౌంటెన్ ప్రభావం అంటారు. భూమి మొత్తం మీద ఎలక్ట్రాన్ల సాంద్రత అత్యధికంగా ఉండేది ఈ రెండు శిఖరాల వద్దే, మీరు పనిచేస్తున్నది సరిగ్గా అలాంటి శిఖరం సమీపంలోనే.

సూర్యాస్తమయ వేళ ఈ యంత్రాంగం ఒక్కసారిగా ఉధృతమవుతుంది. విద్యుత్ క్షేత్రం దిశ మారి రాత్రి స్థితికి చేరడానికి ముందు కొద్దిసేపు బాగా పెరిగి, ఎఫ్ పొరను వేగంగా పైకి లేపుతుంది. అదే సమయంలో కింద ఇ పొర కరిగిపోతూ ఉంటుంది. అంటే దట్టమైన ప్లాస్మా పైన, దాదాపు ఖాళీ అయిన ప్రదేశం దాని కింద. నూనె మీద నీళ్లు పోస్తే ఆ అమరిక ఎంతోసేపు నిలవనట్లే ఇదీ నిలవదు. భౌతికశాస్త్రంలో దీనిని రేలీ-టేలర్ అస్థిరత అంటారు. పొర అడుగున చిన్న అల రేగినా చాలు, పలుచని ప్లాస్మా ఉన్న భాగం బుడగగా మారి పైకి దూసుకుపోతుంది. బుడగ లోపల సాంద్రత చుట్టుపక్కల ఉన్నదానిలో పదో వంతుకు, ఒక్కోసారి నూరో వంతుకు పడిపోతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మీద 1000 కిలోమీటర్ల ఎత్తుకు లేచిన బుడగ బలరేఖల వెంట రెండువైపులా 17 డిగ్రీల దాకా వ్యాపిస్తుంది. అందువల్ల భూమధ్యరేఖకు దూరంగా ఉన్న మీకూ దాని సెగ తగులుతుంది.

బుడగ గోడలు నున్నగా ఉండవు. వాటిలో కిలోమీటర్ల నుంచి మీటర్ల దాకా అన్ని పరిమాణాల ముడతలూ ఉంటాయి. వీటిలో సుమారు 400 మీటర్ల పరిమాణం గల ముడతలు 19 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న జీపీఎస్ ఎల్1 సిగ్నలును చెదరగొట్టి, నేల మీద బలం ఎక్కువ తక్కువల చారలుగా పరుస్తాయి. ఆ చారలు మీ యాంటెన్నా మీదుగా కదిలిపోతుంటే సిగ్నల్ పడుతూ లేస్తూ ఉంటుంది. దీనినే సింటిలేషన్ అంటారు. బుడగలు సాయంత్రం వేళ సెకనుకు 100 మీటర్లకు అటూ ఇటూ వేగంతో తూర్పుకు కదులుతాయి కాబట్టే పడమటి ఉపగ్రహాలు ముందు, తూర్పువి తరువాత దెబ్బతిన్నాయి.

ఇక తుఫాను నాడు మీ పని సాఫీగా సాగడంలో వింతేమీ లేదు. తుఫాను వేళ ధ్రువ ప్రాంతాల్లో పైవాతావరణం వేడెక్కి, అక్కడినుంచి భూమధ్యరేఖ వైపు వీచే గాలులు కొన్ని గంటల తరువాత విద్యుత్ క్షేత్రాల తీరునే మార్చేస్తాయి. ఆ మార్పు పగలూ సంధ్యవేళా పడమటి దిశగా పనిచేస్తుంది కనుక ఎఫ్ పొర సాయంత్రం లేవవలసినంతగా లేవదు, బుడగలు పుట్టవు. అలాగని తుఫాను అంటే భరోసా అనుకోవద్దు. సౌరగాలిలోని అయస్కాంత క్షేత్రం హఠాత్తుగా దక్షిణానికి తిరిగిన క్షణం మీ సంధ్యవేళతో కలిసివస్తే, అయస్కాంతావరణం నుంచి నేరుగా చొచ్చుకువచ్చే విద్యుత్ క్షేత్రం ఎఫ్ పొరను మామూలుకన్నా ఎంతో ఎత్తుకు లేపి మహా బుడగలను పుట్టించగలదు. ఒకే తుఫాను ఒక రేఖాంశంలో బుడగలను అణచివేసి, మరో రేఖాంశంలో రెచ్చగొట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఈ విషయం కొత్తదేమీ కాదు. పెరూలోని హువాంకాయో కేంద్రంలో ఐనోసోండ్ (పైకి రేడియో తరంగాలు పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులతో ఐనో ఆవరణపు ఎత్తును కొలిచే పరికరం) నమోదు చేసిన గీతలు రాత్రిళ్లు అలుక్కుపోయినట్లు కనిపిస్తున్నాయని బుకర్, వెల్స్ 1938లోనే రాశారు. అదే దేశంలోని హికమార్కా రాడార్ తీసిన చిత్రాల్లో ఆ అలుకుడు వెనుక పైకి లేస్తున్న స్తంభాలు ఉన్నాయని 1976లో వుడ్‌మన్, లా హోజ్ చూపించారు. కారణం తెలియడానికి పట్టిన కాలం అది. ముందుగా చెప్పడం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. ఆ సంగతి వేరుగా రాస్తాను.

జవాబు: హ్రస్వతరంగి

పై వివరణ సాయంత్రపు తడబాటుకు సరిగ్గా సరిపోతుంది. అయితే ఇకమీదట ప్రతి తడబాటునూ బుడగల ఖాతాలో వేయకుండా ఉండడానికి, హామ్ రేడియో వాడే మాకు ఎదురయ్యే మరో రకం సంఘటన గురించి చెబుతాను.

సౌర జ్వాల వెలువడినప్పుడు దాని ఎక్స్‌రే కిరణాలు 8 నిమిషాల్లో భూమిని చేరి, పగలు ఉన్న భాగమంతటా డి పొరలో అయనీకరణాన్ని ఒక్కసారిగా పెంచుతాయి. డి పొరలో గాలి దట్టంగా ఉంటుంది కాబట్టి రేడియో తరంగం ఊపిన ఎలక్ట్రాన్లు వెంటనే అణువులను ఢీకొని ఆ శక్తిని వేడిగా వదిలేస్తాయి. ఫలితంగా 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న హ్రస్వ తరంగాలు పైకి వెళ్లి పరావర్తనం చెందకుండానే మధ్యలో ఇంకిపోతాయి. పౌనఃపున్యం తగ్గేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. అందుకే కింది బ్యాండ్లు ముందు మూగబోతాయి, చివరగా తేరుకుంటాయి. అలాంటి వేళ పై బ్యాండుకు మారడం మాకు అలవాటు. 2017 సెప్టెంబర్ 6న ఎక్స్9.3 తరగతి జ్వాల వెలువడినప్పుడు, కరీబియన్ దీవులను ఇర్మా హరికేన్ ముట్టడిస్తున్న సమయంలోనే అక్కడి అత్యవసర రేడియో సంబంధాలకు అంతరాయం కలిగింది.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. జ్వాలను చూసే వెలుతురూ, దెబ్బకొట్టే ఎక్స్‌రే కిరణాలూ ఒకే వేగంతో వస్తాయి. కాబట్టి జ్వాల వెలువడిందన్న సమాచారం మనకు అందేసరికి రేడియో మూగబోయి ఉంటుంది. ఆర్1 నుంచి ఆర్5 వరకు ఇచ్చే రేడియో అంతరాయ స్థాయిలు జరిగినదాన్ని కొలిచి చెప్పేవే. రేపటి గురించి చెప్పేది, సూర్యుని మీది మచ్చల గుంపులు ఎంత చిక్కుపడి ఉన్నాయో చూసి వేసే శాతాల అంచనా మాత్రమే.

మీ జీపీఎస్ పౌనఃపున్యాలను డి పొర పెద్దగా ఏమీ చేయలేదు. పట్టపగలు, ఎండలో, అన్ని ఉపగ్రహాల సిగ్నలూ ఏకకాలంలో పడిపోతే మాత్రం అనుమానించవలసింది సూర్యుడు నేరుగా వెలువరించే రేడియో విస్ఫోటాన్ని. 2006 డిసెంబర్ 6న అలాంటిది ఒకటి వచ్చి, భూమికి వెలుతురు ఉన్న వైపున జీపీఎస్ రిసీవర్లను తడబాటుకు గురిచేసింది. దిక్కును బట్టి వరుసగా పడితే బుడగ. అన్నీ ఒక్కసారిగా పడితే సూర్యుడో, దగ్గరలోని జామరో.

కొలతలవాడు

ఇద్దరికీ ధన్యవాదాలు. పడమటి నుంచి తూర్పుకు అన్న అంశం యథాలాపంగా రాశాను, కీలకం అదేనని అనుకోలేదు. మరో రెండు సందేహాలు మిగిలాయి.

మొదటిది: మా రిసీవరు రెండు పౌనఃపున్యాల మీద పనిచేస్తుంది. రెండు పౌనఃపున్యాలుంటే ఐనో ఆవరణం వల్ల కలిగే దోషాన్ని తొలగించవచ్చని అందరూ చెబుతారు. మరి ఇక్కడ ఎందుకు తొలగలేదు? రెండవది: బుడగలు పుట్టే క్రమం ఇంత స్పష్టంగా తెలిసినప్పుడు, వాన పడుతుందో లేదో రేపటి సంగతి ఈరోజే చెబుతున్నట్లు, రేపు సాయంత్రం బుడగలు వస్తాయో రావో ఎందుకు చెప్పలేరు?

జవాబు: లెక్కలగూడు

మొదటి సందేహానికి నేను సమాధానం చెబుతాను.

ఐనో ఆవరణం గుండా వచ్చే సిగ్నలుకు కలిగే ఆలస్యం, దారిలో ఎదురైన మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్యకు అనులోమంగా, పౌనఃపున్యం వర్గానికి విలోమంగా ఉంటుంది. దూరంగా మార్చి చెప్పాలంటే 40.3ను ఎలక్ట్రాన్ల మొత్తంతో గుణించి, పౌనఃపున్యం వర్గంతో భాగించాలి. చదరపు మీటరు అడ్డుకోత ఉన్న గొట్టంలో 10 ఘాతం 16 ఎలక్ట్రాన్లుంటే దానిని ఒక టెక్ యూనిట్ అంటారు. ఎల్1 మీద, అంటే 1575.42 మెగాహెర్ట్జ్ వద్ద, ఒక్కో యూనిట్ 16 సెంటీమీటర్ల దోషాన్ని తెస్తుంది. సౌరచక్రం ఉచ్చదశలో ఎఫ్2పొర గారు చెప్పిన శిఖరాల వద్ద నడినెత్తి దారిలోనే 100 యూనిట్లు దాటవచ్చు. అది 16 మీటర్లు. దిగంతానికి దగ్గరగా ఉన్న ఉపగ్రహానికి దారి ఏటవాలుగా ఉంటుంది కనుక ఇది రెండు మూడింతలవుతుంది. ఉపగ్రహమే పంపే 8 గుణకాలతో సరిదిద్దే క్లోబుచార్ నమూనా ఇందులో సుమారు సగాన్ని మాత్రమే తీసివేయగలదు.

రెండు పౌనఃపున్యాలున్నప్పుడు ఆలస్యాల మధ్య తేడాను బట్టి ఎలక్ట్రాన్ల మొత్తాన్ని లెక్కగట్టి దోషాన్ని దాదాపు పూర్తిగా తీసివేయవచ్చు. మీకు చెప్పినవారు చెప్పింది నిజమే. అయితే అది సిగ్నల్ చేతికి అందినప్పటి మాట. సింటిలేషన్ వల్ల బలం 20 డెసిబెళ్లు పడిపోయి, దశ అదుపు తప్పి ఊగినప్పుడు, క్యారియర్ తరంగాన్ని వెంటాడే లూప్ పట్టు తప్పుతుంది. తప్పిన ప్రతిసారీ మధ్యలో ఎన్ని పూర్తి తరంగాలు గడిచాయో తెలియకుండా పోతుంది. ఆ పూర్ణాంకాన్ని మళ్లీ మొదటినుంచి తేల్చుకోవాలి. ఫిక్స్ పోయి ఫ్లోట్ రావడం అంటే ఇదే. పైగా సింటిలేషన్ తీవ్రత తక్కువ పౌనఃపున్యాల మీద ఎక్కువ, కాబట్టి సరిదిద్దడానికి ఆధారపడే ఎల్2, ఎల్5 సిగ్నళ్లే ముందుగా తప్పుకుంటాయి. మందు సీసా ముందే పగిలిపోయిన స్థితి.

దీనికి తోడు బుడగ గోడ వద్ద కొద్దిపాటి దూరంలోనే పదుల యూనిట్ల తేడా ఉంటుంది. బేస్ బుడగ బయట, రోవరు లోపల ఉంటే రెండింటి దోషాలూ ఒకటేనన్న ఆర్‌టీకే మూలసూత్రమే చెల్లదు. బేస్‌ను దగ్గరకు జరపడం వల్ల ఈ రెండో బాధ తగ్గుతుంది, మొదటిది తగ్గదు.

చేయదగినవి కొన్ని ఉన్నాయి. జీపీఎస్‌తో పాటు గెలీలియో, గ్లోనాస్, బైడూ ఉపగ్రహాలను కూడా వాడుకునేలా రిసీవరును అమర్చండి. బుడగ ఆకాశంలో ఒక పక్కను కప్పినా మిగిలిన దిక్కుల్లో సరిపడినన్ని మిగులుతాయి. ముడి డేటాను 30 సెకన్లకొకసారి చొప్పున భద్రపరిస్తే, ఎలక్ట్రాన్ల మొత్తం నిమిషానికి ఎంత మారుతోందో లెక్కగట్టి, ఐదు నిమిషాల్లో ఆ మార్పు ఎంత చెదిరిందో చూడవచ్చు. పరిశోధకులు రోటీ అని పిలిచే సూచిక ఇదే; నిమిషానికి 0.5 యూనిట్లు దాటితే అలజడి ఉన్నట్లు సాధారణంగా పరిగణిస్తారు. మీ ప్రాంతానికి కేపీ కన్నా ఇది ఎంతో నమ్మదగిన సూచిక, దానికి కావలసిన పరికరం మీ చేతిలోనే ఉంది. రాత్రి నమోదు చేసిన బిందువులను మర్నాడు పగలు కొన్నింటినైనా మళ్లీ కొలిచి సరిచూసుకోవడం మాత్రం మానవద్దు. ఫ్లోట్‌కు జారినది తెర మీద కనబడుతుంది; పూర్ణాంకం తప్పుగా తేలి ఫిక్స్ అని చూపించినది కనబడదు.

జవాబు: ఎఫ్2పొర

రెండవ సందేహం దగ్గరికి వస్తాను. ముందుగా చెప్పడం అనేది ఒకే పని కాదు. సూర్యుని మీద ఏం జరుగుతుందో చెప్పడం ఒకటి, అక్కడ బయలుదేరినది భూమిని ఎప్పుడు, ఎలా తాకుతుందో చెప్పడం మరొకటి, తాకిన తరువాత ఐనో ఆవరణం ఎలా స్పందిస్తుందో చెప్పడం ఇంకొకటి. వీటిలో మూడవది అన్నింటికన్నా కష్టమైనదని నా అభిప్రాయం, ప్రజల దృష్టికి అతి తక్కువగా వచ్చేదీ అదే.

మొదటి రెండింటి సంగతి కొంత చెప్పాలి. సూర్యుని బయటి వాతావరణమైన కరోనా నుంచి ఊడివచ్చే ప్లాస్మా మేఘం, అంటే సీఎంఈ, భూమిని చేరడానికి అతి వేగంగా వస్తే ఒక రోజు లోపు, మామూలుగా రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. సూర్యబింబాన్ని కప్పి చుట్టూ ఉన్న కరోనాను చూపే కరోనాగ్రాఫ్ చిత్రాల నుంచి దాని వేగాన్ని అంచనా వేసి, నమూనాల ద్వారా రాక సమయాన్ని లెక్కగడతారు. ఆ లెక్కలో పది గంటల తేడా రావడం మామూలే. అంతకన్నా ముఖ్యమైన చిక్కు ఏమంటే, మేఘంలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందో దక్షిణానికి ఉందో దూరం నుంచి చూసి చెప్పలేరు. దక్షిణానికి ఉంటేనే అది భూమి క్షేత్రంతో ముడిపడి శక్తిని లోపలికి దించుతుంది. ఆ దిశ తెలిసేది మేఘం భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు (జీపీఎస్ ఎల్1 సిగ్నలుతో దీనికి సంబంధం లేదు) వద్ద ఉన్న ఏస్, ఆదిత్య-ఎల్1 వంటి నౌకలను తాకినప్పుడే. అక్కడినుంచి భూమికి 15 నిమిషాల నుంచి గంట ప్రయాణం. ఖచ్చితమైన హెచ్చరికకు మిగిలేది ఆ కాస్త వ్యవధే.

సూచిక పెద్దదైతే నష్టం పెద్దదన్న లెక్క కూడా నిలవదు. 2022 ఫిబ్రవరి 3న ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 పడిపోవడానికి కారణమైనది చిన్నపాటి తుఫానే. పైవాతావరణం వేడెక్కి ఉబ్బడంతో, సుమారు 210 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాలకు గాలి ఈడ్పు పెరిగిపోయింది. 2024 మే 10, 11 తేదీల తుఫాను జీ5 స్థాయిది, అంటే కొలమానంలో అన్నింటికన్నా పై మెట్టుది. ఆ రోజుల్లో అమెరికాలో విత్తనాలు వేస్తున్న రైతుల జీపీఎస్ ట్రాక్టర్లు దారి తప్పినట్లు వార్తలు వచ్చాయి. అక్కడ అది మధ్య అక్షాంశాల సమస్య. మీ అక్షాంశాల్లో అలాంటి తడబాటు తుఫాను లేకుండానే ప్రతి బుడగల రుతువులోనూ వస్తుంది, వార్త మాత్రం కాదు.

ఇప్పుడు అసలు విషయం. బుడగల రుతువు ఎప్పుడో చెప్పడం తేలిక. భూమి మీద పగటికీ రాత్రికీ మధ్య గీత, అయస్కాంత బలరేఖలకు సమాంతరంగా వచ్చిన నెలల్లో బలరేఖ రెండు చివర్లా ఇ పొర ఒకేసారి కరుగుతుంది. సాయంత్రపు విద్యుత్ క్షేత్రం అప్పుడే ఎక్కువగా పెరుగుతుంది. అయస్కాంత రేఖలు భౌగోళిక ఉత్తరానికి దగ్గరగా ఉన్న రేఖాంశాల్లో ఇది విషువత్తుల వేళ, అంటే మార్చి, సెప్టెంబర్ ప్రాంతాల్లో వస్తుంది. ఆ రేఖలు బాగా వాలి ఉన్న బ్రెజిల్ ప్రాంతంలో డిసెంబర్ చుట్టూ వస్తుంది. సౌరచక్రం ఉచ్చదశలో అంతా ఎక్కువ, నీచదశలో తక్కువ. ఇంతవరకు పంచాంగం చూసి చెప్పినట్లు చెప్పవచ్చు.

రుతువులో ఒక రోజు బుడగలు వచ్చి, మర్నాడు అన్నీ అలాగే ఉన్నట్లు కనిపించినా ఎందుకు రావన్నదే తేలని చిక్కు. అందుకు బాధ్యత చాలావరకు సూర్యునిది కాదు, కింది వాతావరణానిది. ఉరుములతో లేచే మేఘాల నుంచి, పర్వతాల మీది గాలుల నుంచి పుట్టిన గురుత్వ తరంగాలు (గాలి పైకీ కిందికీ ఊగడం వల్ల పుట్టే అలలు) పైకి ప్రయాణించి, ఎఫ్ పొర అడుగున మొదటి అలను రేపుతాయి. సూర్యుని వేడిమితో వాతావరణంలో ఏర్పడే పోటుపాటుల వంటి కదలికలు ఇ పొర గాలులను రోజురోజుకూ మారుస్తాయి. 2009 జనవరిలో ధ్రువ ప్రాంతపు స్ట్రాటో ఆవరణం హఠాత్తుగా వేడెక్కినప్పుడు, సూర్యుడు ఎంతో ప్రశాంతంగా ఉన్నా, భూమధ్యరేఖ మీద ప్లాస్మా పైకి లేచే వేగం గుర్తుపట్టలేనంతగా మారింది. 2022 జనవరి 15న టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు రేగిన తరంగాలు ఐనో ఆవరణంలో భూమి చుట్టూ తిరిగాయి. కింద జరిగేది పైన కనబడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

వాన అంచనాతో మీరు చేసిన పోలికకు జవాబు ఇక్కడే ఉంది. వాన గురించి చెప్పేవారికి గాలి, తేమ, ఉష్ణోగ్రతల కొలతలు అన్ని ఎత్తుల నుంచీ నిత్యం అందుతుంటాయి. 100 నుంచి 300 కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తోందో కొలిచేవి అతి తక్కువ. బెలూన్లు అక్కడిదాకా పోవు, ఉపగ్రహాలు అంత కింద నిలవవు. 2019లో ప్రయోగించిన ఐకాన్ నౌక ఆ గాలులను కొలిచింది. 2022 నవంబరులో దానితో సంబంధం తెగిపోయింది. 2019 జూన్‌లో వెళ్లిన కాస్మిక్-2 ఉపగ్రహాలు ఆరూ, దిగంతంలో మునుగుతున్న జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్ ఎలా వంగుతోందో కొలిచి, ఎలక్ట్రాన్ల సాంద్రత ఎత్తును బట్టి ఎలా మారుతోందో చెబుతాయి. గాలుల గురించి అవి చెప్పలేవు.

జవాబు: సందేహజీవి

ఇన్నేళ్ల జీపీఎస్ డేటా పోగుపడి ఉంది కదా, దానిని యంత్రాభ్యాసానికి (మెషీన్ లెర్నింగ్) అప్పగిస్తే ఈ గాలుల గొడవ లేకుండానే రేపటి బుడగలను చెప్పలేదా? కొన్ని పరిశోధనా పత్రాల్లో 80, 90 శాతం ఖచ్చితత్వం సాధించామని రాసుకుంటున్నారు.

జవాబు: ఎఫ్2పొర

సందేహజీవి గారూ, ఆ శాతాలను చదివేటప్పుడు ఒకటి గమనించండి. బుడగల రుతువులో ప్రతిరోజూ వస్తాయని, మిగతా నెలల్లో రావని గుడ్డిగా చెప్పినా చాలా చోట్ల మంచి శాతమే వస్తుంది. యంత్రం దానికన్నా ఎంత మెరుగ్గా చెప్పింది, ముఖ్యంగా రుతువు మధ్యలో రాని రోజులను పట్టుకోగలిగిందా అన్నదే అడగవలసిన ప్రశ్న. లోపలికి ఇచ్చే సమాచారంలో గాలులే లేనప్పుడు ఎంత తెలివైన యంత్రమైనా వాటి గుట్టు ఎక్కడినుంచి తెస్తుంది? మొత్తం ఎలక్ట్రాన్ల పటాన్ని రేపటికి అంచనా వేయడంలో మాత్రం ఈ పద్ధతులు నిజంగానే ఉపయోగపడుతున్నాయి. అది నెమ్మదిగా మారే రాశి.

భౌతిక సూత్రాల మీద నడిచే నమూనాలూ ఉన్నాయి. నేల నుంచి పైవాతావరణం దాకా ఒకే గొలుసుగా లెక్కగట్టే వామ్-ఐపీఈ నమూనాను అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం నిత్యం నడుపుతోంది. దాని గడుల పరిమాణం వందల కిలోమీటర్లలో ఉంటుంది కనుక అందులో బుడగ కనబడదు; బుడగ పుట్టడానికి అనువైన పరిస్థితి ఉందో లేదో మాత్రం చూడవచ్చు. ఐఆర్ఐ అనే ప్రామాణిక నమూనా నెలసరి సగటును చెబుతుంది. దానిని చూసి రేపటి సాయంత్రం గురించి నిర్ణయం తీసుకోవద్దు.

కొలతలవాడు గారికి అక్కరకు వచ్చేది రోజుల ముందు చెప్పే అంచనా కాదు, గంట ముందు దొరికే సూచన. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా, మీ రేఖాంశానికి దగ్గరలో ఐనోసోండ్ ఉండి, దాని గీతలు బహిరంగంగా దొరుకుతుంటే, సూర్యాస్తమయ వేళ ఎఫ్ పొర అడుగు ఎత్తును పావుగంటకొకసారి చూడండి. అది పైపైకి పోతూ మామూలు రోజులకన్నా యాభై, వంద కిలోమీటర్లు ఎక్కువ ఎత్తుకు చేరితే బుడగలకు సిద్ధమైనట్లే. లేవకుండా స్తబ్ధుగా ఉండిపోతే ఆ రాత్రి మొదటి జాము చాలావరకు నిశ్చింత. అలాంటి కేంద్రం అందుబాటులో లేకపోతే, మీకు పడమట రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో నిరంతరం నడిచే జీపీఎస్ కేంద్రం డేటా నుంచి లెక్కలగూడు గారు చెప్పిన రోటీని గట్టండి. అక్కడ అలజడి మొదలైతే, సెకనుకు 100 మీటర్ల వేగాన ఆ బుడగ మీ నెత్తిమీదికి రావడానికి సుమారు ముప్పావు గంట పడుతుంది. మీ చోటనే కొత్తగా బుడగ పుట్టే అవకాశం ఎటూ ఉంటుంది, అయినా ముఖ్యమైన బిందువులను ఆ వ్యవధిలో ముగించుకోవచ్చు.